నాలుగు నిమిషాల పది సెకన్లు

విజయదశమి పూట మధ్యాహ్నం రెండున్నరకి, ఊరంతా పులిహోర తిని కునుకు తీస్తున్న వేళ, డిటెక్టివ్ నేలపూడి సామ్యేలు ఆకుపచ్చ గౌను తొడుక్కుని, తలకి టోపీ పెట్టి, మూతికి గుడ్డ కట్టుకుని, రాజమండ్రి హార్టు ఆసుపత్రిలో పిల్లల ఐసీయూ గుమ్మంలో నిలబడ్డాడు. పాతికేళ్ళు పోలీసు ఉద్యోగం చేశాడు. ఆరేళ్ళుగా సొంత దుకాణం నడుపుతున్నాడు. దొంగల్ని చూశాడు, శవాల్ని చూశాడు. ఆరేళ్ళ పిల్ల రక్తం మెడలోంచి బయటికొచ్చి, గొట్టాల్లో తిరిగి, మిషను దాటి మళ్ళీ ఒంట్లోకి వెళ్ళడం మాత్రం ఎన్నడూ చూడలేదు. 

పిల్ల పేరు కీర్తిప్రియ. భీమవరంలో రొయ్యల చెరువుల ఆసామి గోపాలకృష్ణంరాజు గారి మనవరాలు.

"జ్వరం వచ్చి గుండె కండరానికి వాపు చేసిందండి," అంది డాక్టర్ ఇంద్రజ. రెండు రోజులుగా నిద్ర లేదని ఆవిడ కళ్ళే చెబుతున్నాయి. "గుండె కొట్టుకుంటోంది గానీ రక్తాన్ని తోసే ఓపిక దానికి లేదు. ఆ పని ఈ మిషను చేస్తోంది. ఈలోగా గుండె తేరుకోవాలి. ఎనిమిది రోజులు, మహా అయితే పది. అంతకి మించి మిషను మీద ఉంచలేం."

"ఇవాళ ఎన్నో రోజండీ?"

"ఆరో రోజు. నిన్న పొద్దున స్కాన్‌లో గుండెలో కొంచెం కదలిక కనిపించింది. పిల్ల బతుకుతుందనుకున్నాం. పదకొండూ నలభై రెండుకి మిషను ఆగిపోయింది."

సామ్యేలు నోటుబుక్కులో టైములు రాసుకున్నాడు. కరెంటు పోయింది 11:42. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో ఎవరికీ తెలియదు, అది అక్కరకు రాలేదు. మహర్నవమి గనక జనరేటరుకి పూజ చేసి, బంతిపూల దండలు వేసి, ముందు గుమ్మడికాయ పెట్టారు. వాటిని తప్పించి స్టార్ట్ చేసేసరికి 11:46 దాటి పది సెకన్లు. ఆ నాలుగు నిమిషాల పది సెకన్లలో పిల్లకి ఏం నష్టం జరిగిందో ఇంకా తేలలేదు. నిన్నటి నుంచి కళ్ళు తెరవలేదు.

"ఇలాంటప్పుడు వాడటానికే ప్రతి మిషనుకీ ఒక పిడి ఉంటుందండి," అంది ఇంద్రజ. "పాతకాలం లారీలకి ముందు దూర్చి తిప్పేవారు చూడండి, అలాంటిదే, చిన్నది. కరెంటు పోయినా, మోటారు పోయినా పంపులో పెట్టి చేత్తో తిప్పితే రక్తం ఆగదు. నిన్న చెయ్యి చాపితే కొక్కేనికి పిడి లేదు."

"ఇప్పుడు మళ్ళీ ఆగితే?"

"ఆ కుదుపుకి మోటారు దెబ్బతింది. వేడెక్కిపోతోంది. వేరేది తేవడానికి పిల్ల నాన్న శ్రీనివాసరాజు గారు మద్రాసు వెళ్ళారు. రేపు పొద్దున వస్తారు. ఈ రాత్రి గడవాలి." ఆవిడ మిషను వైపు చూసి గొంతు తగ్గించింది. "అంబులెన్సులో ఉన్న పానాలన్నీ పెట్టి చూశాం. ఏదీ పట్టలేదు."

ఆ సంగతి సామ్యేలుకి తెలుసు. కొత్త పిడి చేయించడానికి పొద్దున్న నుంచీ అతను పదకొండు లేతు షాపులు తిరిగాడు. పదకొండింటికీ షట్టర్లు దించి ఉన్నాయి, గుమ్మాలకి మామిడి తోరణాలు కట్టి ఉన్నాయి. పనిముట్లన్నీ బొట్లు పెట్టించుకుని దేవుడి ముందు కూచున్నాయి, పనివాళ్ళు పండక్కి ఊళ్ళెళ్ళిపోయారు. ఇంట్లో దొరికిన ఒక్క యజమానినీ కాళ్ళావేళ్ళా పడి లేపితే, "నాకు లెక్కలు రాయడమే వచ్చండి, లేతు పట్టడం రాదు," అని ఆయన కూడా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పండగ రోజున ఆరంగుళాల ఇనప ముక్క చేయించలేని ఊళ్ళో తను డిటెక్టివ్‌గా ఉండి ఏం లాభమని సామ్యేలుకి తన మీద తనకే రోత పుట్టింది.

పొద్దున అతన్ని పిలిపించింది గోపాలకృష్ణంరాజు గారే. తెల్ల పంచె, తెల్ల చొక్కా, ఎర్రబడ్డ కళ్ళు. "ఆ పిడి తీసినవాడు ఎవడో సాయంత్రంలోగా నాకు కావాలండి," అన్నారు. "డాక్టర్లని అడగండి, నర్సుల్ని అడగండి, మా పనివాళ్ళని నిలబెట్టి అడగండి. మా ఆడవాళ్ళ జోలికి మాత్రం రాకండి. పోలీసులకీ అదే చెప్పాను. కోడలు పక్క గదిలో సెలైను మీద ఉంది. మా ఆవిడకి కరెంటు పోయి మిషను ఆగిందన్న సంగతే తెలుసు. పిడి గొడవ ఆవిడ చెవిన పడకూడదు." ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళకి జవాబులు చెప్పరు. అలాంటి ఇళ్ళున్న ఊరి చివర కాలనీలోనే పుట్టిన సామ్యేలుకి ఆ మర్యాద కొత్త కాదు. సరేనన్నాడు.

ఇప్పుడు మిషను పక్కనే స్టూలు మీద కూచున్న నర్సు దగ్గరికి నడిచాడు. పేరు వీరవేణి. పాతికేళ్ళుంటాయి. కుడిచేతి మూడు వేళ్ళకి కట్లు. మాట్లాడుతున్నంతసేపూ ఆమె చూపు పంపు మీదే ఉంది.

"నిన్న పిడిని ఆఖరుసారి ఎప్పుడు చూశావమ్మా?"

"పదిన్నరకి సార్. డ్యూటీ ఎక్కగానే చెక్‌లిస్టు టిక్కు పెట్టాలి. కొక్కేనికే ఉంది. నేనే టిక్కు పెట్టాను."

"మధ్యలో బయటికి వెళ్ళావా?"

"పదీ యాభైకి మందులు తేవడానికి స్టోరుకి వెళ్ళాను. పదకొండుకి వచ్చేశాను. పండగని సగం మంది సెలవు సార్, నేనే వెళ్ళాల్సొచ్చింది. డాక్టరుగారు అవతలి మంచం దగ్గర ఉన్నారు." ఆమె మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "తిరిగొచ్చాక కొక్కెం వైపు చూడలేదు సార్. చూసుంటే బాగుండేది."

"ఏడుపులు తర్వాత," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

సీఐ యర్రంశెట్టి వెంకటసుబ్బారావు గౌనులోకి పొట్టని ఇరికించుకుంటూ లోపలికొచ్చాడు. ఒకప్పుడు సామ్యేలు హెడ్‌కానిస్టేబులుగా ఉన్న స్టేషన్‌కే కొత్త ఎస్సైగా వచ్చినవాడు. అతని మొదటి కేసు సామ్యేలు చేత్తో తేలింది. ఆ మేలు ఆయన ఇంతవరకూ క్షమించలేదు.

"సామ్యేలుగారూ, మీకు శ్రమెందుకండీ? దొంగ మీ ఎదురుగానే కూచుంది. ఈ అమ్మాయి అన్నకి రాజుగారి చెరువు పక్కన ఎకరన్నర వరి పొలం. ఉప్పునీళ్ళు ఊరి చేను చచ్చిపోయింది. రెండేళ్ళ కింద చెరువు గట్టు మీద రాజుగారి మనుషులకీ వాడికీ కొట్లాట. కేసు కూడా ఉంది. ఇంకేం కావాలి?"

"నిజమేనామ్మా?" అన్నాడు సామ్యేలు.

"నిజమే సార్," అంది వీరవేణి. "ఈ పాప ఎవరో తెలిసే ఈ డ్యూటీ అడిగి తీసుకున్నాను. ఈ మిషను పని నేర్చుకుంది ఇక్కడ ముగ్గురమే. ఒకమ్మాయి పురిటికి వెళ్ళింది, ఇంకొకతనికి టైఫాయిడ్. నేను కాకపోతే ఎవరు చూస్తారు?"

"వేళ్ళకి దెబ్బలేంటో అడగండి," అన్నాడు సీఐ. "పిడి విప్పుతుంటే స్క్రూడ్రైవర్ జారుంటుంది."

సామ్యేలు మిషను పక్కన వంగాడు. పిడి వేలాడే కొక్కేనికి చిన్న స్ప్రింగు క్లిప్పు ఉంది. చిటికెన వేలితో నొక్కితే తెరుచుకుంది. "దీనికి స్క్రూడ్రైవర్ ఎందుకండీ?" అన్నాడు. తర్వాత పంపు మీది అద్దపు మూతలోంచి లోపలికి చూశాడు. రోలర్ల చక్రం తిరుగుతూనే ఉంది. దాని చుట్టూ ఉన్న ఇనప గోడ అంచున ఎండిన రక్తం మరక ఉంది. మరక ఒకే వైపుకి సాగిపోయి ఉంది, బాణం గుర్తు ఎటుందో అటే.

"ఇది పిల్ల రక్తం కాదు, గొట్టాలు ఎక్కడా చిట్లలేదు. ఈ అమ్మాయిది. పిడి లేకపోతే మూత తీసి వేళ్ళు పెట్టి తిప్పింది. అవునా?"

వీరవేణి తలూపింది. "సగం కూడా తిరగలేదు సార్. బిగువుగా ఉంటుంది."

"ఆ సగం వల్లే పిల్ల ఇవాళ మనకి ఉంది," అంది ఇంద్రజ వెనకనుంచి.

"పిల్లని చంపాలనుకున్న మనిషి నాలుగు నిమిషాలు వేళ్ళు కోసుకుంటుందా సీఐగారూ?"

"నేరం చేశాక భయం వేసుంటుంది. నా సర్వీసులో ఎంతమందిని చూడలేదు! నాలుగింటికి ఆడ కానిస్టేబుల్ వస్తుంది. తీసుకెళ్ళిపోతాను."

"తీసుకెళ్తే మిషను ఎవరు చూస్తారండీ? మీరు చూస్తారా?"

"అది ఆసుపత్రివాళ్ళ గొడవ. పైనుంచి నాకు ఫోన్లు వస్తున్నాయి, నీకు రావు," అన్నాడు సీఐ. గౌరవం కాస్తా గాలికి పోయింది. "డిపార్టుమెంటులో ఉన్నప్పుడూ ఇంతే నువ్వు. తేలిన కేసుని మళ్ళీ నానబెడతావు."

సామ్యేలు క్లిప్పుని మళ్ళీ తెరిచి, జేబులోంచి భూతద్దం తీసి, లోపలి పక్కన చూశాడు. అక్కడ బొటనవేలి ముద్ర ఉంది. పచ్చటి ముద్ర.

"డాక్టరుగారూ, ఈ గదిలోకి పసుపు వస్తుందా అండీ?"

"ఇక్కడికి పువ్వు కూడా రానివ్వమండీ."

"ఆసుపత్రంతా నిన్న పసుపేగా!" సీఐ విసుక్కున్నాడు. "లిఫ్టుకి, అంబులెన్సుకి, ఆఖరికి తూకం మిషనుకి కూడా బొట్లు పెట్టారు. అదో క్లూనా?"

"మీకు కనిపించదండి. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నారు గనక కళ్ళు దాటేస్తాయి. మా గడపకి పసుపు రాయం గనక నా కళ్ళు ఆగాయి," అన్నాడు సామ్యేలు. "ఈ గదిలోకి వచ్చేవాళ్ళు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటారు. కడిగినా వదలని పసుపంటే పొద్దున్నంతా పసుపులో ముంచిన చెయ్యే."

గుమ్మం దగ్గరున్న రిజిస్టరు తెరిచాడు. మహర్నవమి నాడు పదిన్నర నుంచి పదకొండూ నలభై రెండు దాకా లోపలికి వచ్చిన పేర్లు నాలుగే. డాక్టరు, నర్సు, పదీ నలభైకి ఐదు నిమిషాల పాటు మనవరాలిని చూడటానికి వచ్చిన వరలక్ష్మమ్మ గారు, పదీ యాభైకి నేల తుడవడానికి వచ్చిన అటెండరు సత్తియ్య.

సత్తియ్యని పిలిపించారు. యాభై ఐదేళ్ళ మనిషి, బక్కపలచగా ఉన్నాడు. సీఐని చూడగానే రెండు చేతులూ వీపు వెనక్కి పోయాయి.

"చేతులు చూపించు సత్తియ్యా," అన్నాడు సామ్యేలు.

కుడి బొటనవేలి గోరు చుట్టూ పసుపు ఇంకా వదల్లేదు.

"నిన్న బొట్లు పెట్టింది నువ్వేనా?"

"ఆయ్, నేనేనండి. లిఫ్టుకీ, చక్రాల కుర్చీలకీ, అన్నిటికీ నేనేనండి. ఏటా నేనేనండి."

"ఈ మిషనుకి పెట్టలేదేం?"

"దీనికెలా పెడతామండి, లోపల పాప ఉంటే," అన్నాడు సత్తియ్య.  సీఐ ఒక్క అడుగు ముందుకి వేసేసరికి నేల మీద కూలబడి సామ్యేలు కాళ్ళు పట్టేసుకున్నాడు. "నేను దొంగతనం చెయ్యలేదండి! నా పిల్లల మీద ఒట్టండి! పెద్దమ్మగారు అడిగారండి!"

"ఏ పెద్దమ్మగారు?"

"పాప నాయనమ్మగారండి. 'నవమి నాడు పూజ అందని మిషను ఏడాదంతా మొరాయిస్తుంది సత్తియ్యా, అన్నిటికీ చేశారు, నా మనవరాలికి ఊపిరి పోసేదానికి చెయ్యకపోతే ఎలా' అని ఏడ్చారండి. లోపల బొట్టు పెట్టనివ్వరమ్మా అన్నానండి. అయితే దానిది ఏదైనా ఒక సామాను ఇవ్వు, రోజూ వాడనిది, అమ్మవారి ముందు పెట్టించి తెచ్చిస్తానన్నారండి. రెండేళ్ళుగా ఆ పిడిని ఎవరూ వాడగా నేను చూడలేదండి. ఊరికే వేలాడుతుంది కదాని తీసి ఇచ్చానండి. కరెంటు పోయాక దాని పనేంటో తెలిసిందండి. తెలిశాక నోరు పెగల్లేదండి."

  రిజిస్టరులో వరలక్ష్మమ్మ గారి పేరు సీఐ కూడా ముందే చూశాడు. పెద్దావిడ్ని ఏమడుగుతాంలే అని దాటేశాడు. సామ్యేలు కూడా పొద్దున్న సరేనని ఒప్పుకున్నవాడే. అడిగి ఉంటే పొద్దున్నే పిడి దొరికేది. 

గౌను విప్పకుండానే హాల్లోకి నడిచాడు. ఐసీయూకీ హాలుకీ మధ్య నిలువెత్తు అద్దం. దానికి ఎదురుగా చాప వేసుకుని, తల మీద కొంగుతో, వరలక్ష్మమ్మ గారు పెదవులు కదుపుతూ కూచుంది. పక్కన కుర్చీలో గోపాలకృష్ణంరాజు గారు. సామ్యేలు నేరుగా వస్తుంటే ఆయన లేచారు.

"మీకు పొద్దున్నే చెప్పానండి."

"ఒక్క మాటండి. ఒక్కటే."

"అడగనివ్వండి," అంది వరలక్ష్మమ్మ గారు. "పాప గురించి తిరుగుతున్నాడు కదా, పాపం."

సామ్యేలు చేతులు కట్టుకుని దూరంగానే నిలబడ్డాడు. "అమ్మా, నిన్న సత్తియ్య మీకో పిడి ఇచ్చాడు. అదిప్పుడు ఎక్కడుందమ్మా?"

ఆవిడ ముఖం విప్పారింది. ఆ మాట ఎవరైనా అడిగితే బాగుండునని నిన్నటి నుంచీ ఎదురుచూస్తున్నట్టు చెప్పింది. "ఇంటి దగ్గర కలశం ముందు ఉందయ్యా. ఇక్కడే కూచుని శుభ్రంగా కొంగుతో తుడిచి బొట్లు పెట్టి, పదకొండు గంటలకే డ్రైవరు బుల్లియ్యకిచ్చి కారులో పంపించాను. మా తోటికోడలు పెట్టింది. సాయంత్రం కలశం కదిపాక తెప్పిస్తాను. పూజలో పెట్టినది మధ్యలో తియ్యకూడదు. సత్తియ్యని ఏమీ అనకండి, నేనే బతిమాలాను. చూడు, నిన్న కరెంటు పోయినా మళ్ళీ తిరిగింది కదా మిషను! అమ్మవారి ముందు ఉంది మరి."

గోపాలకృష్ణంరాజు గారు కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా కూచున్నారు. ఆయనకి అర్థమైంది. భార్య వైపు చూడలేక నేల వైపు చూశారు. సాయంత్రంలోగా కావాలన్న దొంగ దొరికింది. ఆ దొంగని ఆయన ఏం చెయ్యగలరు? సామ్యేలు మాత్రం ఏం చెయ్యగలడు?

"ఫోను చెయ్యండి రాజుగారూ," అన్నాడు సామ్యేలు గొంతు తగ్గించి. "కలశం సంగతి తర్వాత. ఇప్పుడే, ఈ నిమిషమే కారు బయల్దేరాలి."

ఆయన సెల్‌ఫోను తీశారు. నంబరు రెండుసార్లు తప్పు నొక్కారు. మూడోసారికి కలిసింది.  అప్పుడు టైము మూడూ ముప్ఫై ఆరు. పండగ రోడ్డు మీద భీమవరం నుంచి రాజమండ్రికి ఎంత తోలినా రెండు గంటలు.

మూడూ నలభైకి ఐసీయూలో అలారం మోగింది.

కరెంటు పోలేదు. దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. మోటారు ఆగిపోయింది. అద్దం అవతల ఇంద్రజ ఒక్క ఉదుటున మంచం ఎక్కి పిల్ల ఛాతీ మీద చేతులు వేసింది. వీరవేణి పళ్ళతో కట్లు పీకేసి, పంపు మూత తెరిచి, వేళ్ళు లోపల పెట్టింది. గిర్రున తిరగాల్సిన చక్రం గానుగలా కదిలింది. పది సెకన్లు, ఇరవై సెకన్లు. ఆమె భుజాలు ఎగిసిపడుతున్నాయి.

"జరగమ్మా, నేను తిప్పుతాను!" అంటూ సీఐ ఆమె పక్కకి ఉరికాడు.

"అటు కాదు సార్! బాణం వైపు! బాణం వైపు తిప్పండి!"

సామ్యేలు తలుపు దాకా పరిగెత్తి ఆగిపోయాడు. లోపల ఇంకో చెయ్యి పట్టే చోటు లేదు. మళ్ళీ అద్దం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళలో అంత పనికిమాలినవాడిగా ఎప్పుడూ నిలబడలేదు.

వరలక్ష్మమ్మ గారు చాప మీంచి లేచింది. అద్దానికి రెండు అరచేతులూ ఆనించి చూసింది. చేతులు మార్చుకోవడానికి లోపల ఇద్దరూ ఒక్క క్షణం వేళ్ళు తీశారు. ఆ క్షణంలో చక్రం నడిమధ్యన నలుచదరపు కన్నం కనిపించింది. ఆవిడ దాన్ని చూసింది. నిన్న ఇదే చాప మీద కూచుని, ఆ పిడి కొస నలుచదరంగా ఉంటే, నాలుగు పక్కలా విడివిడిగా తుడిచి నాలుగు బొట్లు పెట్టింది ఆవిడే.

 తర్వాత సామ్యేలు వైపు తిరిగింది.

"అందులో పెట్టి తిప్పేదాయ్యా అది?"

అతను అద్దంలోంచి పంపు వైపు చూశాడు.

"చెప్పయ్యా. అందులోదేనా?"

"అవునమ్మా."

ఆవిడ ఏడవలేదు. భర్త వైపు తిరిగి, "ఏవండీ, కారు బయల్దేరిందా?" అని అడిగింది.

"బయల్దేరిందే," అన్నారు గోపాలకృష్ణంరాజు గారు.

"ఎక్కడిదాకా వచ్చి ఉంటుంది?"

సామ్యేలు గడియారం చూసుకున్నాడు. మూడూ నలభై నాలుగు. కారు ఇంకా భీమవరం పొలిమేర దాటి ఉండదు.